మేనమామ ట్రంకుపెట్టెలో దొరికిన ఆకుపచ్చ బ్రాంటోసారస్: దాని తోక గురించి ఒక సందేహం

ప్రశ్న: కావలి మాస్టారు

సభ్యులందరికీ నమస్కారం. కావలి దగ్గరి ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. ఈమధ్య మా మేనమామ గారు కాలం చేశారు. కర్మకాండలు ముగిశాక అత్తయ్య గారు ఆయన ట్రంకుపెట్టె తెరిపించారు. పాత సర్టిఫికెట్ల అడుగున, వెంకటగిరి కండువాలో చుట్టిపెట్టి, జానెడు పొడవున్న ఆకుపచ్చ బొమ్మ ఒకటి కనిపించింది. పొడవాటి మెడ, బరువైన ఒళ్లు, పీఠాన్ని ఆనుకొని వంకర తిరిగిన తోక చూడగానే డైనోసార్ అని తెలిసిపోతుంది. చేతిలోకి తీసుకుంటే లోపల డొల్ల. ముక్కు నుంచి తోక దాకా నడి వీపు మీదుగా సన్నని అతుకు గీత ఉంది, పీఠం అడుగున రెండు చిన్న చిల్లులు ఉన్నాయి. గోటితో గీస్తే కొవ్వొత్తి మీద పడినట్టు తెల్లని గీత పడుతుంది. పీఠం మీద సింక్లెయిర్ అన్న పేరు ఉంది. మామయ్య 1964 వేసవిలో న్యూయార్కులో ఉన్నారనీ, అక్కడ ఏదో పెద్ద ప్రదర్శన చూసి వచ్చాననేవారనీ అత్తయ్య చెప్పారు. అంతకు మించి ఆమెకు గుర్తు లేదు.

ఆరో తరగతి చదువుతున్న మా మనవడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "తాతయ్యా, దీని తోక తప్పు" అన్నాడు. నెల్లూరు వి.ఆర్.సి. మైదానంలో వాడు చూసిన మోటారు డైనోసార్ తోకను గాలిలో నిలిపి ఊపిందట. ఈ మాట నేను తేలికగా తీసుకోకపోవడానికి ఒక కారణం ఉంది. మా పాఠశాల పూర్వ విద్యార్థులు చందాలు వేసుకొని ప్రాంగణంలో నిజమైన కొలతలతో ఒక డైనోసార్‌ను నిలబెట్టాలనుకుంటున్నారు. ఈ బొమ్మను చూసి ముచ్చటపడి, దీన్నే శిల్పికి నమూనాగా ఇద్దామని అంటున్నారు. కాబట్టి ఆ ప్రదర్శన ఏమిటో, ఆ బొమ్మల వెనుక శాస్త్రజ్ఞుల సలహా ఉందో లేదో, ఉంటే తోక ఎందుకు అలా ఉందో, అంత పెద్ద ఆకారాలను దేనితో చేశారో తెలిసినవారు దయచేసి వివరించగలరు. బొమ్మ మెడ కొద్దిగా పక్కకు ఒరిగింది, వేడినీళ్లలో ముంచి సరిచేయవచ్చునా అన్నది నా చివరి ప్రశ్న.

జవాబు: ఒంగోలు జియాలజీ

మాస్టారూ, మీ మనవడి మాట నిజమే. అయితే 1964లో ఆ తోకను నేల మీద పెట్టకపోయి ఉంటే ఆనాటి పండితులే తప్పుపట్టి ఉండేవారు.

మీ మామయ్య గారు చూసినది న్యూయార్కు నగరంలోని ఫ్లషింగ్ మెడోస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శన. అది 1964 ఏప్రిల్ 22న మొదలై, చలికాలంలో మూతబడి, మళ్లీ తెరుచుకొని 1965 అక్టోబరు 17న ముగిసింది. రెండు విడతలలో కలిపి ఐదు కోట్ల పైచిలుకు జనం దాన్ని చూశారు. అందులో సింక్లెయిర్ అనే చమురు కంపెనీ డైనోలాండ్ అన్న పేరుతో తొమ్మిది డైనోసార్లను నిజమైన కొలతలతో నిలబెట్టింది. వాటిలో బ్రాంటోసారస్ ఒక్కటే 70 అడుగుల పొడవు. టైరనోసారస్, ట్రైసెరటాప్స్, స్టెగోసారస్ వంటివి దాని చుట్టూ ఉండేవి. మీ దగ్గర ఉన్నది అక్కడే యంత్రంలో అప్పటికప్పుడు పోసి ఇచ్చిన బొమ్మ. మోల్డ్-ఎ-రామా అనే ఆ యంత్రం 1962 నాటి సియాటిల్ ప్రపంచ ప్రదర్శనలో తొలిసారి జనంలోకి వచ్చింది. నాణేలు వేస్తే అచ్చు రెండు సగాలు దగ్గరికి వచ్చి మూసుకుంటాయి. కరిగిన ప్లాస్టిక్కు లోపలికి ఎక్కి, అంచుల వెంట గట్టిపడగానే, గాలి లోపలి ద్రవాన్ని బయటకు తోసేస్తుంది. మీరు చూసిన నడి వీపు గీత ఆ రెండు సగాలు కలిసిన చోటు, అడుగు చిల్లులు ఆ రాకపోకల దారులు. బొమ్మ చేతికి వచ్చేటప్పటికి ఇంకా వెచ్చగానే ఉండేది.

ఇక శాస్త్రజ్ఞుల సంగతి. పెద్ద విగ్రహాలను చేసినవాడు లూయీ పాల్ జోనాస్. బుడాపెస్టులో పుట్టి అమెరికా వలస వెళ్లి, న్యూయార్కు సహజ చరిత్ర మ్యూజియంలోని ఏనుగుల గుంపుతో పేరుపొందిన కార్ల్ ఏక్లీ దగ్గర పని నేర్చుకున్న శిల్పి ఆయన. ఆయనకు సలహా ఇచ్చినవారు ఆషామాషీ మనుషులు కారు. బార్నమ్ బ్రౌన్ 1902లో మోంటానాలో టైరనోసారస్ ఎముకలను తవ్వి తీసినవాడు. 1922లో మన శివాలిక్ కొండలకు కూడా వచ్చి శిలాజాలు ఏరుకుపోయాడు. ప్రదర్శన తెరుచుకోవడానికి ఏడాదికి పైగా ముందే, 1963 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాడు. రెండోవాడు అదే మ్యూజియానికి చెందిన ఎడ్విన్ కోల్బర్ట్, మూడోవాడు యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ ఆస్ట్రమ్.

ఈ మూడో పేరు దగ్గర కాసేపు ఆగాలి. అప్పట్లో డైనోసార్ అంటే పెరిగి పెద్దదైన ఉడుము అన్నట్టే ఊహించేవారు. చెరువు కట్ట మీద తడి మట్టిలో ఉడుము నడిచిపోయిన చోట చూడండి, కాలి గుర్తుల నడుమ తోక లాగిన గీత పాములా మెలికలు తిరిగి ఉంటుంది. డైనోసార్ కూడా అలాగే బరువుగా, నిదానంగా, తోక ఈడ్చుకుంటూ నడిచిందని పుస్తకాలలో రాశారు, మ్యూజియాలలో ఎముకలను అలాగే నిలిపారు. ఆస్ట్రమ్ కూడా ఆ కాలపు అవగాహనలోనే జోనాస్‌కు సలహా ఇచ్చాడు. డైనోలాండ్‌లో జనం బారులు తీరిన ఆ మొదటి వేసవిలోనే, 1964 ఆగస్టులో, ఆయన మోంటానాలో తవ్వకాలు చేస్తూ ఒక చురుకైన వేట జంతువు ఎముకలను కనుగొన్నాడు. దానికి డైనోనైకస్ అని పేరు పెట్టి 1969లో వివరంగా ప్రచురించాడు. దాని తోక ఎముకల వెంట సన్నని ఎముక కడ్డీలు కట్టె మోపుకు తాడు బిగించినట్టు పేర్చి ఉన్నాయి. అలాంటి తోకను నేల మీద ఈడ్వడం కుదరదు. అది వెనక్కి తిన్నగా సాగి, పరుగులో ఒంటి బరువును సరిచూసుకోవడానికి పనికివచ్చేది. డైనోసార్లు మందకొడి జీవులన్న పాత నమ్మకం కదిలిపోవడానికి ఆ ఎముకలే ముఖ్య కారణమయ్యాయి. తాను సలహా ఇచ్చిన విగ్రహాల తోకలను తప్పుపట్టే సాక్ష్యం ఆయన చేతికే, ఆ ప్రదర్శన నడుస్తుండగానే దొరికిందన్నమాట.

ఇంకో విచిత్రం కూడా ఉంది. ప్రదర్శన ముగిశాక ఆ విగ్రహాలు కొన్నాళ్లు ఊరూరా తిరిగి, తలో చోటికి దానంగా చేరాయి. బ్రాంటోసారస్, టైరనోసారస్ రెండూ టెక్సాస్‌లోని గ్లెన్ రోజ్ దగ్గర ఉన్న డైనోసార్ వ్యాలీ ఉద్యానవనానికి వెళ్లాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ పక్కనే పలక్సీ నది అడుగున డైనోసార్ల అసలు పాదముద్రలు ఉన్నాయి. బార్నమ్ బ్రౌన్ దగ్గర పనిచేసిన రోలాండ్ బర్డ్ 1938లో వాటిని చూసి లోకానికి చాటాడు. ఆ అడుగుల వరుసల నడుమ తోక ఈడ్చిన గీతలు దాదాపు లేవు. తోక నేలకు ఆనించి కూర్చున్నట్టు నిలబడ్డ ఆ టైరనోసారస్ పక్కనే, తోక నేలను తాకలేదని చెప్పే రాయి ఉంది. ఆ రాతి సాక్ష్యం 1964కు పాతికేళ్ల ముందు నుంచే అందరి కళ్ల ముందూ ఉన్నదన్న సంగతి మీ పిల్లలకు తప్పక చెప్పండి.

జవాబు: కొత్తపట్నం ఫైబర్

మాస్టారు గారికి నమస్కారం. నేను కొత్తపట్నం వైపు ఫైబరు పడవలు చేస్తాను, పగిలినవాటికి అతుకులు వేస్తాను. డైనోసార్ల గురించి పైన రాసిన సారుకు తెలిసినంత నాకు తెలియదు. కానీ ఆ విగ్రహాలు ఫైబర్‌గ్లాసువని ఎక్కడో చదివాను కాబట్టి, ఆ పని ఎలా సాగి ఉంటుందో నా చేతి అనుభవం నుంచి చెప్పగలను.

పడవకైతే మా దగ్గర అచ్చు తయారుగా ఉంటుంది. అచ్చు లోపలంతా మైనం రుద్ది మెరుగుపెట్టి, జెల్‌కోట్ అనే పై పూత పూసి, దాని మీద గాజు నారల మ్యాట్ పరచి, హార్డెనర్ కలిపిన రెసిన్‌ను బ్రష్‌తో తడుపుతూ, గాలి బుడగలు పోయేటట్టు రోలరుతో ఒత్తుకుంటూ పొర మీద పొర వేస్తాం. గట్టిపడ్డాక పడవ అచ్చులోంచి ఊడి వస్తుంది, ఎందుకంటే పడవ పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. డైనోసార్‌కు అలా కుదరదు. మోకాలి మడతలు, చంక, గొంతు కింద ముడుతలు అచ్చును పట్టుకొని వదలవు. అందుకని ముందు మట్టితో నిండు విగ్రహం చేసి, దాని మీద అచ్చును ముక్కలు ముక్కలుగా తీసి, ఒక్కో ముక్కలో ఫైబరు వేసి, తరువాత ఆ పెంకులను లోపలి నుంచి మ్యాట్ పట్టీలతో అతకాలి. లోపల ఇనుప చట్రం తప్పనిసరి. మా పడవలు ముప్పై అడుగులకు అటూ ఇటూ ఉంటాయి. డెబ్బై అడుగులంటే రెండు పడవలు ఒకదాని వెనుక ఒకటి పెట్టినా చాలదు.

ఆ తొమ్మిదింటిని హడ్సన్ ఊరి నుంచి న్యూయార్కుకు నది మీద బార్జిలో తెచ్చారని, అది 1963 అక్టోబరులో జరిగిందని కూడా చదివాను. నూరు మైళ్లకు పైగా ప్రయాణం. అది నాకేమీ ఆశ్చర్యంగా అనిపించలేదు. ఇక్కడ ఎత్తైన సరుకు లారీ మీద పోతుంటే, పైన ఒక మనిషి పొడవాటి కర్రతో కరెంటు తీగలను ఎత్తిపట్టుకుంటూ పోవడం మీరందరూ చూసే ఉంటారు. నీటి మీదైతే ఆ బాధ లేదు.

తోక సంగతిలో నాదొక మాట. రెండు కాళ్ల మీద నిలబడే జంతువును చేసేటప్పుడు తోక నేలకు ఆనితే పనివాడికి అది మూడో కాలు. ముక్కాలిపీట కదలదు కదా. తోకను గాలిలో నిలిపితే మొత్తం బరువు చీలమండల మీద పడుతుంది, అక్కడ మంచి ఉక్కు వేసి, పునాదిలో లోతుగా దిగ్గొట్టాలి. పైగా మనది తుపాను తీరం. డొల్ల విగ్రహానికి ఒంట్లో బరువు తక్కువ, గాలి పట్టే విస్తీర్ణం ఎక్కువ. శిల్పి ఎవరైనా సరే, ఈ లెక్క ఇంజనీరుతో వేయించండి. ఎండకు ఫైబరు పైన రంగు పొడిపొడిగా రాలిపోతుంది, మళ్లీ మళ్లీ రంగు వేయడానికి కూడా డబ్బు పక్కన పెట్టుకోవాలి. రోహిణి కార్తెలో పని పెట్టుకోవద్దు. ఆ వేడికి రెసిన్ తొందరపడి గట్టిపడుతుంది, మందంగా వేసిన చోట బీటలు తీస్తుంది.

మీ బొమ్మను మాత్రం వేడినీళ్లలో ముంచకండి. అరవై ఏళ్ల పాత ప్లాస్టిక్కు ఎక్కడ మెత్తబడుతుందో, ఎక్కడ విరుగుతుందో ముందుగా చెప్పలేం. మెడ ఒరిగితే ఒరగనివ్వండి.

జవాబు: ఉదయగిరి పాఠకుడు

అందరూ ఈ ప్రదర్శనను శాస్త్ర విజ్ఞాన కార్యక్రమంలాగా మాట్లాడుతున్నారు. పెట్టినది చమురు కంపెనీ, పెట్టుకున్నది తన ప్రకటన కోసం. పెట్రోలు డైనోసార్ల నుంచి వస్తుందని మా పిల్లల తరగతిలో సగం మంది నమ్ముతున్నారు. ఆ నమ్మకానికి మూలం ఇటువంటి ప్రకటనలే కాదా? అలాంటి బొమ్మకు పాఠశాలలో పీఠం కట్టడం అవసరమా అని నా అభ్యంతరం.

జవాబు: ఒంగోలు జియాలజీ

అభ్యంతరం సబబుగానే ఉంది. సింక్లెయిర్ కంపెనీ 1930లో డైనోసార్లతో ప్రకటనలు మొదలుపెట్టింది. తమ నూనె తయారయ్యే ముడిచమురు డైనోసార్లు తిరిగిన కాలం నుంచే భూమిలో మాగుతూ ఉందని చెప్పుకోవడం వారి ఉద్దేశం, అంటే పాత చింతకాయ పచ్చడి మంచిదన్నట్టు. వేసిన బొమ్మలన్నింటిలో జనానికి బ్రాంటోసారస్ నచ్చడంతో 1932లో దాన్ని తమ వ్యాపార చిహ్నంగా నమోదు చేసుకున్నారు. 1933–34లో షికాగో ప్రపంచ ప్రదర్శనలోనూ డైనోసార్లను పెట్టారు. బంకు మీద ఏళ్ల తరబడి డైనోసార్ బొమ్మ చూసినవాడికి పెట్రోలు దానిలోంచే వచ్చిందని అనిపించడంలో వింత లేదు. అదే కంపెనీ 1934లో వ్యోమింగ్‌లో బ్రౌన్ చేసిన తవ్వకాలకు డబ్బు ఇచ్చిందన్నది కూడా నిజమే. నా మట్టుకు నేను రెండూ చెబుతాను, ఒకదానితో ఇంకొకటి చెల్లుకు చెల్లు వేయను.

చమురు ఎక్కువగా సముద్రాల అడుగున పేరుకున్న సూక్ష్మజీవుల నుంచి, నాచు నుంచి తయారైంది. ఆక్సిజన్ అందని బురదలో అవి కుళ్లిపోకుండా పూడుకుపోయి, పైన పొరలు పెరిగేకొద్దీ వేడెక్కి, దాదాపు 60 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య చమురుగా మారాయి. సింగరేణి బొగ్గు చెట్ల నుంచి వచ్చింది, అది డైనోసార్ల కన్నా పాతది. ఒంగోలు పరిసరాలలోని వేమవరం షేల్ రాళ్లలో డైనోసార్ల కాలపు ఆకుల ముద్రలు, వాటితోపాటు అమ్మోనైట్లనే సముద్రజీవుల గుల్లల ముద్రలు దొరుకుతాయి. పొలాల నడుమ ఉన్న ఆ రాతి పొరలు ఒకనాటి తీరం అడుగున పేరుకున్న బురదేనని దీన్నిబట్టి తెలుస్తుంది. గూడూరు అభ్రకం దొరికే రాళ్లయితే వీటన్నిటికన్నా ఎంతో పాతవి, వాటిలో డైనోసార్ కోసం వెదకడం వృథా.

మాస్టారూ, బ్రాంటోసారస్‌కు తోకతోపాటు తలలో కూడా చిక్కు ఉంది. 1964 నాటికి దానికి పెట్టే మొండి ముక్కు తల నిజానికి కామరసారస్ వంటి వేరే జంతువు తలను చూసి ఊహించినది. 1970లలో జాన్ మెకింటోష్, డేవిడ్ బెర్మన్ పాత రికార్డులను, ఎముకలను మళ్లీ పరిశీలించి, దానిది డిప్లోడోకస్ అనే మరో డైనోసార్ తల వంటి పొడవాటి తల అని తేల్చారు. పేరు కూడా 1903లో రద్దయి అపటోసారస్ అనే మరో పేరులో కలిసిపోయింది. 2015లో ఒక విస్తృత పరిశీలన మళ్లీ ఆ పేరును నిలబెట్టింది. ఇన్ని చిక్కులున్న పరాయి జంతువు కన్నా, మన కోటసారస్ అనే డైనోసార్‌ను పెట్టించరాదా? తెలంగాణలోని యామన్‌పల్లి దగ్గర దొరికింది, 1988లో పేరుపెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది, శిల్పిని తీసుకువెళ్లి కొలతలు చూపించవచ్చు. పొడవు సుమారు 9 మీటర్లని అంచనా, అంటే మన కొత్తపట్నం సోదరుడి పడవంత. నాలుగు కాళ్ల జంతువు కాబట్టి తోకను పైకి నిలిపినా పడిపోతుందన్న భయం తక్కువ.

ప్రశ్న అడిగినవారి స్పందన: కావలి మాస్టారు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మీ జవాబులను పూర్వ విద్యార్థుల సమావేశంలో చదివి వినిపించాను. ఉదయగిరి వారి అభ్యంతరం మీద కాస్త వేడిగానే చర్చ జరిగింది. చివరికి కోటసారస్‌నే చేయించాలనీ, తోక నేలను తాకకూడదనీ అందరూ ఒప్పుకున్నారు. మామయ్య బొమ్మను మాత్రం గాజు పెట్టెలో పెట్టి ప్రయోగశాలలో ఉంచుతున్నాం. దాని కింద అట్ట మీద ఏం రాయాలో మా మనవడికే అప్పగించాను. "1964లో తోక ఇలా ఉండేదనుకున్నారు" అని ఒక వాక్యం రాసి, తరువాత ఏం రాయాలో తేల్చుకోలేక పెన్సిలు కొరుకుతున్నాడు.

ఒక చిక్కు మాత్రం మిగిలింది. కనీసం పన్నెండు కోటసారస్‌ల ఎముకలు దొరికినా, రెండు పళ్లు తప్ప తల దొరకలేదని చదివాను. మరి శిల్పి తలను దేన్ని చూసి చేయాలి?

జవాబు: ఒంగోలు జియాలజీ

దాని దగ్గరి బంధువుల తలలను చూసి ఊహించడమే, మాస్టారూ. బోర్డు మీద మాత్రం "తల ఊహించినది" అని స్పష్టంగా రాయించండి.

జవాబు: కొత్తపట్నం ఫైబర్

తలను మెడతో కలిపి అతకవద్దని శిల్పికి చెప్పండి. దాన్ని విడిగా పోసి, మెడ చివర ఒక ఉక్కు చక్రం పెట్టి, తలను దానికి బోల్టులతో బిగించమనండి. అసలు తల ఏనాడైనా దొరికితే పాతది విప్పి కొత్తది బిగించవచ్చు. బోల్టులు స్టెయిన్‌లెస్‌వే వాడమనండి, మన ఉప్పుగాలికి మామూలువి నాలుగేళ్లకే తుప్పుపట్టి పట్టేస్తాయి.